గ్రావెల్ ధర పక్కింటివాళ్లు కడుతున్నారు

ఊరి పక్కన గ్రావెల్ క్వారీ గురించి ఎవరైనా నోరెత్తితే వచ్చే జవాబు ఒకటే: "రోడ్లు కావాలంటారు, ఇళ్లు కావాలంటారు, మట్టి మాత్రం తవ్వొద్దంటారు. ఎలా కుదురుతుంది?" లీజుదారు ఈ మాట అంటే అతని లాభం అతనిది అనుకోవచ్చు. కానీ ఇవాళ పంచాయతీ ఆఫీసులో, టీవీ చర్చలో, చదువుకున్నవాళ్ల ఇళ్లలో కూడా ఇదే తిరుగులేని న్యాయంలా చెల్లిపోతోంది. దీని వెనకే ఇంకో నాలుగు మాటలు వస్తాయి. క్వారీ ముందొచ్చింది, ఇళ్లు తర్వాత వచ్చాయి. అనుమతులన్నీ ఉన్నాయి. నీళ్లు చల్లితే దుమ్ము అణిగిపోతుంది. పట్టు బిగిస్తే కూలీల పొట్ట కొట్టినట్టే.

ఈ అయిదింటిలో ఒక్కటి కూడా నిలవదు. క్వారీలన్నీ మూసేయమని నేను అనడం లేదు. ఇళ్ల దగ్గర తవ్వే క్వారీకి ఎంత దూరం, ఎంత లోతు, ఏ వేళలు, ఎంత బరువు అన్నది గట్టిగా తేల్చాలని, తేల్చినదాన్ని జనం కళ్లెదుట అమలు చేయాలని అంటున్నాను. అంతవరకూ మనం చవగ్గా దొరుకుతోందనుకుంటున్న గ్రావెల్ చవక కాదు. దాని ధరలో కొంత కొన్నవాడు కడుతున్నాడు. మిగతాది పక్కన కాపురాలుంటున్నవాళ్లు తమ ఊపిరితిత్తులతో, బోర్లతో, ఇంటి గోడలతో కడుతున్నారు.

ముందు క్వారీ అంచుకు వెళ్లి చూద్దాం. విశాఖ, అనకాపల్లి, విజయనగరం వైపు తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. అది యుగాల తరబడి ఎండకూ వానకూ చివికి పైన ఎర్రటి పొరగా మారుతుంది. పొక్లెయిన్ ఆ పొరను పైనుంచి మెట్లు మెట్లుగా తీయాలి. తీయదు, అడుగున గీరుతుంది. అడుగు తొలిస్తే పైది దానంతటదే జారిపడుతుంది, డీజిల్ మిగులుతుంది, టిప్పర్ తొందరగా నిండుతుంది. కొన్నాళ్లకు మూడంతస్తుల ఎత్తున నిట్టనిలువు గోడ తేలుతుంది. పైఅంచున తాటిచెట్టు వేళ్లు సగం గాలిలో వేలాడుతుంటాయి. ఆ గోడ నీడలోనే టిప్పర్ డ్రైవరు క్యారేజీ విప్పుకుని అన్నం తింటుంటాడు.

ఇలాంటి వదులు నేలల్లో కోత ఎలా ఉండాలో 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో 106వ నిబంధన చెప్పింది. మట్టి, మొరం, గ్రావెల్ తవ్వేచోట వాలు 45 డిగ్రీలకు మించకూడదు. లేదా మెట్లుగా తవ్వాలి. ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదు, వెడల్పు ఎత్తుకంటే తగ్గకూడదు. "మాది చిన్న గుంట, గనుల చట్టం మాకు వర్తించదు" అని తప్పించుకునేవాళ్లున్నారు. 1952 గనుల చట్టం గ్రావెల్, మొరం తవ్వకాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే, కానీ షరతులతో ఇచ్చింది. తవ్వకం పైఅంచు నుంచి అడుగు దాకా ఎక్కడా ఆరు మీటర్లు దాటకూడదు, ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. మూడంతస్తుల గోడ నిలబెట్టినవాడికి ఆ మినహాయింపు ఎక్కడిది? మన దగ్గర నియమాలకు కరువు లేదు. వాటిని టేపు పట్టుకుని కొలిచే మనిషికే కరువు.

ఇక మొదటి వాదన, అభివృద్ధి. రోడ్ల పేరు చెప్పి నియమాలను అటకెక్కించే ప్రయత్నం ఢిల్లీ స్థాయిలోనే జరిగింది. దేశం లాక్‌డౌన్‌లో ఉండగా 2020 మార్చి 28న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ తెచ్చింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనుల కోసం మామూలు మట్టి తీయడానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. అలాంటి మార్పుకు ముందు జనం అభ్యంతరాలు అడగాలన్న పద్ధతిని పక్కన పెట్టింది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి, ఎలా అన్న హద్దులు కూడా పెట్టలేదు. 2024 మార్చి 21న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ సంజయ్ కరోల్ ధర్మాసనం ఆ మినహాయింపును కొట్టేసింది. రోడ్డు ప్రజలకు అవసరమే. ఆ రోడ్డు కోసం ఊరి కొండను అడ్డూఅదుపూ లేకుండా తవ్వుకోవచ్చన్న హక్కు మాత్రం ఎవరికీ లేదని ఆ తీర్పుతో తేలిపోయింది.

పైగా మట్టి తప్ప గతి లేదన్నది కూడా నిజం కాదు. విజయవాడ పక్కన కొండపల్లి ఉంది. బొమ్మలకు తెల్లపొణికి కర్ర ఇచ్చిన కొండలవి. అక్కడ రిజర్వు ఫారెస్టు అంచుల్లో గ్రావెల్ తవ్వకాల మీద ఏళ్ల తరబడి రగడ నడిచింది, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆ పక్కనే ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని బూడిద చెరువు ఉన్నాయి. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్ల కట్టలకు, పల్లపు నేలల మెరకకు బూడిద వాడాలని 2021 డిసెంబరు 31 నాటి ఫ్లైయాష్ నోటిఫికేషన్ చెబుతోంది. ఒక పక్క బూడిద దుమ్ముతో జనం అల్లాడుతుంటే, ఆ పక్కనే మెరక కోసం కొండలు కరిగించడం ఏ లెక్కన అభివృద్ధి? బూడిదను ఇష్టం వచ్చినట్టు పోయమని కాదు. తడిపి, దిమ్మిస కొట్టి, పైనా పక్కలా మట్టి పొర కప్పి వాడే ఇంజినీరింగ్ పద్ధతి ఉంది. అప్పుడు కూడా కొంత మట్టి కావాలి. అయితే కట్ట మొత్తానికి కావలసినంత అక్కర్లేదు.

కూల్చిన ఇళ్ల శిథిలాలదీ ఇదే కథ. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వాటిని మళ్లీ కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంట్లు నడుస్తున్నాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ను 2016లో సవరించినప్పుడు ఈ కంకరకు చోటిచ్చారు. ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, ఎం25 వరకు ఆర్‌సీసీలో 20 శాతం దాకా, పునాది కింద వేసే లీన్ కాంక్రీటులో నూటికి నూరు శాతం వాడొచ్చు. ప్రభుత్వ పనుల టెండర్లలో ఈ మేరకు వాడి తీరాలని ఒక్క షరతు పెడితే ఎన్ని కొండలకు ఊపిరి దక్కుతుందో ఆలోచించండి.

మరి క్వారీలు కాలనీలనే ఎందుకు అంటిపెట్టుకుని ఉంటాయి? గ్రావెల్ బరువెక్కువ, ధర తక్కువ. కొన్నవాడు కట్టేదానిలో పెద్ద వాటా టిప్పర్ బాడుగదే. కాబట్టి లేఅవుట్‌కు ఏ కొండ దగ్గరైతే ఆ కొండ మీదే కన్ను పడుతుంది. క్వారీ ఊరికి దూరం జరిగితే అభివృద్ధి ఆగదు, బాడుగ పెరుగుతుంది. ఆ పెరిగిన బాడుగ ప్లాటు కొన్నవాడు, అమ్మినవాడు భరించాలా, లేక ఆస్తమా ఉన్న పక్కింటి పిల్లవాడు భరించాలా అన్నదే అసలు తగవు. 1992లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ, ఫరీదాబాద్, బల్లభ్‌గఢ్ ప్రాంతాల స్టోన్ క్రషర్లను ఆపి, హర్యానాలోని పాలీలో క్రషర్ జోన్‌కు తరలించమంది. ఆ తర్వాత ఢిల్లీలో ఇళ్లు కట్టడం ఆగిందా? మెట్రో ఆగిందా?

రెండో వాదన, క్వారీ ముందొచ్చిందన్నది. దీనిలో సగం నిజముంది కాబట్టి జాగ్రత్తగా విప్పాలి. క్వారీకి కూతవేటు దూరంలో ప్లాట్లు వేసి, ఆదివారాలు తప్ప మిగతా రోజుల్లో కొనేవాళ్లను అటు తీసుకెళ్లని రియల్టర్లున్నారు. పక్కన లీజు ఉందని బ్రోచర్లో ఎక్కడా ఉండదు. మోసపోయినవాడు అప్పు చేసి ఇల్లు కట్టుకున్నాక, "నిన్నెవరు రమ్మన్నారు?" అని అతన్నే నిలదీయడం న్యాయమా? లేఅవుట్‌కు అనుమతి ఇచ్చింది ప్రభుత్వమే, క్వారీకి లీజు ఇచ్చింది ప్రభుత్వమే. పట్టణ ప్రణాళిక విభాగం, గనుల శాఖ ఒక్కసారి రెండు మ్యాపులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేలిపోయే సంగతిని పట్టించుకోక, ఆ తప్పును ఇల్లు కట్టుకున్నవాడి నెత్తిన రుద్దుతున్నాం.

అసలు క్వారీ లీజు శాశ్వత హక్కు కాదు. గడువు తీరగానే పొడిగింపు కోసం మళ్లీ ప్రభుత్వం గడప తొక్కాల్సిందే. పొడిగించిన ప్రతిసారీ అది కొత్త నిర్ణయం. ఒకప్పుడు జీడిమామిడి తోటల మధ్య ఉన్న కొండ ఇప్పుడు ఇళ్ల మధ్యకు వచ్చిందంటే, పాత షరతుల మీద పొడిగించడం కళ్లు మూసుకుని సంతకం చేయడమే. ఊరు పెరిగిందని బస్సు రూటు మారుస్తాం, బడి కడతాం, మున్సిపాలిటీ హద్దు జరుపుతాం. క్వారీ షరతు ఒక్కటే ఎందుకు మారకూడదు?

మూడో వాదన, అనుమతులన్నీ ఉన్నాయన్నది. అనుమతి కాగితం ఎలా పుడుతుందో చెప్పడానికి హర్యానా ఉదంతం చాలు. 2011లో ఆ రాష్ట్రం బండరాళ్లు, గ్రావెల్, ఇసుక క్వారీలను వేలానికి పెట్టింది. ఒక్కొక్కటి నాలుగున్నర హెక్టార్లు మించకుండా ముక్కలు చేసింది. అయిదు హెక్టార్ల లోపైతే అప్పటి నియమాల ప్రకారం పర్యావరణ అనుమతి అక్కర్లేదు మరి. దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఈ ఎత్తును పట్టుకుని, అయిదు హెక్టార్ల లోపు గ్రావెల్ వంటి చిన్నతరహా ఖనిజాల లీజులకు కూడా అనుమతి తప్పనిసరి చేసింది. ఒక లీజు హద్దుకు 500 మీటర్ల లోపు మరో లీజు ఉంటే అన్నిటినీ కలిపి ఒకే సమూహంగా చూడాలని 2016 నాటి నోటిఫికేషన్ చెప్పింది. కారణం తేలికే. ముక్కలు ఎన్నయినా, దుమ్ము తాగే ఊరు ఒకటే.

ఇక కాగితం చేతికొచ్చాక దాని ప్రకారం నడుస్తోందా అన్నది వేరే ప్రశ్న. హద్దు రాళ్లు పాతిన రోజు ఉంటాయి, పొక్లెయిన్ వచ్చాక ఉండవు. ఒకే పర్మిట్ మీద పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు తిరగడం గ్రావెల్ వ్యాపారంలో అందరికీ తెలిసిన బహిరంగ రహస్యం. ఎంత తవ్వాడో లెక్క చెప్పేది తవ్వినవాడే. అనుమతి ఉందని చెప్పడం వాదనకు ముగింపు కాకూడదు, మొదలు కావాలి. ఏ షరతులతో ఇచ్చారు, ఇప్పుడు కోత ఎంత లోతుంది, ఆఖరిసారి ఎవరు ఎప్పుడు వచ్చి చూశారు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఊళ్లో బోర్డు మీద ఉంటే అప్పుడు అనుమతులున్నాయని తలెత్తుకుని చెప్పొచ్చు.

నాలుగో వాదన, నీళ్లు చల్లితే సరిపోతుందన్నది. గ్రావెల్ పొర పోయాక కింద రాయి బయటపడుతుంది. రాయి వచ్చిందంటే వెనకే బ్లాస్టింగ్, క్రషర్ వస్తాయి. క్రషర్ యంత్రాలకు మూడు నుంచి పది మీటర్ల దూరంలో గాలిలో తేలే దుమ్ము ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు దాటకూడదని పర్యావరణ పరిరక్షణ నియమాలు చెబుతున్నాయి. మనుషులు బతికే చోట పీఎం10 రేణువుల ఇరవై నాలుగు గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదని జాతీయ ప్రమాణం. ఈ రెండు కొలతలూ ఒకటి కావు. కానీ నియమం పాటించే క్రషర్ దగ్గర కూడా గాలి మనుషులు రోజూ పీల్చదగ్గది కాదని ఒప్పుకున్నట్టే కదా. ఆ గాలి పలచబడాలంటే దూరం కావాలి. అడ్డుగోడ, చెట్ల వరుస, నీటి జల్లు దూరానికి తోడు నిలుస్తాయే గానీ దూరానికి బదులు కావు. అదీ అవి ఉన్నచోట. ట్యాంకరు పొద్దున ఓసారి చల్లిన నీళ్లు ఏప్రిల్ ఎండలో ఎంతసేపు నిలుస్తాయో పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

దుమ్ము క్వారీ దగ్గర ఆగదు కూడా. పట్టా కప్పని టిప్పర్ స్పీడు బ్రేకర్ మీద ఎగిరిన ప్రతిసారీ దోసెడు గ్రావెల్ రోడ్డు మీద రాలుతుంది. వెనక టైర్లు దాన్ని పిండి చేస్తాయి. తెల్లారి రోడ్డు పక్క ఇంటి ఇల్లాలు ముగ్గేసిన వాకిలి పది గంటలకల్లా ఎర్రబారుతుంది. దండెం మీద ఆరేసిన స్కూలు యూనిఫాం మళ్లీ ఉతకాలి. కిటికీలు మూసుకుంటే ఉక్క, తీస్తే దగ్గు. దీన్ని చిన్న అసౌకర్యం అని కొట్టిపారేసే అధికారి ఒక్క వారం కుటుంబంతో సహా ఆ ఇంట్లో కాపురం ఉండాలి.

పేలుళ్ల సంగతి మరీ ఘోరం. పేలుడు జరిపే చోటు చుట్టూ 300 మీటర్లు ప్రమాద వలయం అని గనుల నిబంధనలే అంటాయి. కేరళలో 50 మీటర్ల దూరం చాలన్న నియమం మీద వివాదం వచ్చినప్పుడు, పేలుళ్లు లేకపోతే 100 మీటర్లు, ఉంటే 200 మీటర్లు కనీసం ఉండాలని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచించింది. ఇళ్లను తాకే ప్రకంపన తక్కువ పౌనఃపున్యంలో సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే పరిమితి పెట్టింది. గోడ పగిలిందని ఫిర్యాదు చేసినవాణ్ణి, "మేస్త్రీ సరిగ్గా కట్టలేదు" అని పంపేస్తున్నారే గానీ, ఆ రోజు ప్రకంపన కొలత ఎంతో చూపించినవాళ్లున్నారా?

పేలుడు పదార్థాల దగ్గర అలక్ష్యం ఎంతకు దారితీస్తుందో మనం చూశాం. 2018 ఆగస్టు 3 రాత్రి కర్నూలు జిల్లా ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీలో పేలుడుకు కనీసం పది మంది కూలీలు బలయ్యారు. పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. 2021 జనవరి 21 రాత్రి కర్ణాటకలో శివమొగ్గ దగ్గర హుణసోడు క్వారీ వద్ద పేలుడు పదార్థాలు పేలితే చుట్టుపక్కల ఊళ్ల జనం భూకంపమనుకుని వీధుల్లోకి పరిగెత్తారు.

ఇదే అయిదో వాదనకు జవాబు కూడా. కూలీల పొట్ట అని కన్నీరు కార్చేవాళ్లు ఒకసారి క్వారీలో తలలు లెక్కపెట్టాలి. ఇవాళ గ్రావెల్ తవ్వేది పార కాదు, పొక్లెయిన్. దాని ఆపరేటరు, టిప్పర్ డ్రైవర్లు, క్లీనర్లు, ఒక గుమస్తా. అంతటితో ఆ కొండ ఇచ్చే ఉపాధి అయిపోతుంది. నిట్టనిలువు గోడ విరిగితే మొదట కూరుకుపోయేది వాళ్లే. క్రషర్ దగ్గర రాతి దుమ్ము రోజంతా పీల్చి సిలికోసిస్ తెచ్చుకునేదీ అక్కడి కూలీలే. ఆ జబ్బుకు మందు లేదు. మెట్లు తవ్వమని, దుమ్ము అణచమని, జిలెటిన్ స్టిక్స్ సక్రమంగా దాచమని అడగడం కూలీ పొట్ట కొట్టడం ఎలా అవుతుంది? పక్క కాలనీ అడిగేదీ, క్వారీ కూలీకి కావలసిందీ ఒకటే. ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి బాగుపడేది మూడోవాడు.

కాబట్టి అడగవలసినవి సూటిగా అడుగుదాం. బ్లాస్టింగ్ ఉన్న చోట లీజు హద్దు నుంచి దగ్గరి ఇంటికి 500 మీటర్ల దూరం ఉండాలి. అంత దూరం లేని పాత లీజులకు గడువు తీరాక పొడిగింపు ఇవ్వకూడదు. అదే దూరం లోపల కొత్త లేఅవుట్‌కూ అనుమతి ఉండకూడదు, పక్కన లీజు ఉంటే ఆ మాట అమ్మకం దస్తావేజులో రాయాలి. రాత్రిళ్లు తవ్వకం వద్దు, బడి పిల్లలు రోడ్డెక్కే వేళ టిప్పర్లు వద్దు. క్వారీ గేటు దగ్గర వేబ్రిడ్జి, ప్రతి ట్రిప్పుకూ విడి పర్మిట్, పట్టా లేని బండికి అక్కడికక్కడే జరిమానా. ఆరు నెలలకోసారి డ్రోన్ సర్వే చేసి, ఎంత తవ్వారో ఆ మ్యాపును పంచాయతీ ఆఫీసులో గోడకు అంటించాలి. తవ్వకం మొదలుపెట్టకముందే గుంట పూడ్చడానికి, కంచె వేయడానికి డిపాజిట్ కట్టించుకోవాలి. వానాకాలం నీళ్లు నిండిన పాత క్వారీ గుంటల్లో ఈతకు దిగి పిల్లలు పోతున్నారు. లీజు అయిపోయింది, మాకు సంబంధం లేదనే వీలు ఎవరికీ ఉండకూడదు. 1957 గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టానికి 2015లో చేసిన సవరణతో పుట్టిన జిల్లా ఖనిజ నిధి నుంచి మొదటి రూపాయి ఆ దుమ్ము మింగిన ఊరికే దక్కాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఊరిని అడగడం. ఏజెన్సీ ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాల లీజు ఇవ్వాలంటే గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని 1996 పెసా చట్టం చెబుతోంది. ఆ చట్టం ఎంత నీరుగారినా, అడగాలన్న నియమం అక్కడ ఉంది. కొండ దిగి మైదానానికి రాగానే ఆ హక్కు మాయమైపోతుంది. అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, సంతకం గనుల శాఖది, దుమ్ము ఊరిది. చిన్నతరహా ఖనిజాలకు నియమాలు చేసే అధికారాన్ని 1957 చట్టంలోని 15వ సెక్షన్ రాష్ట్రాలకే ఇచ్చింది. అంటే దీనికి పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అమరావతిలో, హైదరాబాద్‌లో తలచుకుంటే చాలు.

ఇదంతా విన్నాక కూడా, "క్వారీ వల్లే మీకు హాని జరిగిందని రుజువు చేయండి" అనేవాళ్లుంటారు. ఈ ప్రశ్నకు మన నేల మీది కేసులోనే జవాబు వచ్చింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల ఎగువన ఒక నూనెల పరిశ్రమ పెట్టబోతే, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో 1999లో సుప్రీంకోర్టు తేల్చింది: ఉన్న స్థితిని మార్చబోయేవాడే తన పని వల్ల హాని లేదని రుజువు చేసుకోవాలి. గాలి నమూనాలు, ప్రకంపన లెక్కలు, బోరు నీటి మట్టాలు కొలిపించే స్తోమత కూలికి పోయే ఇల్లాలికి ఉండదు, లీజుదారుకు ఉంటుంది. వచ్చే గ్రామసభలో ఎవరైనా లేచి రుజువేదని అడిగితే, ఆ ప్రశ్నను తవ్వేవాడి వైపు తిప్పండి. ఆ కొలతలన్నీ తెచ్చి అందరి ముందూ చదివేదాకా అతని లీజు పొడిగించొద్దని తీర్మానం రాయించండి.